మంచు కొండ మీద బ్రేకు తెలియని కాలు

ఆ రోజు పొద్దున మంచు పడిన కొండ రోడ్డు ఎక్కుతుంటే, నా కుడికాలు బ్రేకు మీద ఉందో లేదో నాకు తెలియలేదు. వంగి చూసుకోవలసి వచ్చింది. కాలు బ్రేకు మీదే ఉంది. కానీ ఆ సంగతి కంటికి తెలిసింది గానీ కాలికి తెలియలేదు. ఏళ్ళ తరబడి స్టీరింగే అన్నం పెట్టిన మనిషికి ఇంతకంటే భయం ఇంకొకటి ఉండదు.

నా పేరు మల్లేశం. మాది కోరుట్ల దగ్గర పల్లె. నేనుండేది బహ్రెయిన్‌లో, అయినా మా ఊరివాళ్ళ లెక్కలో నేను దుబాయిలోనే ఉన్నాను. గలాలీలో ఒక బహ్రెయినీ ఇంట్లో డ్రైవర్ని. ఆ ఇంట్లో ఇద్దరే మనుషులు. ఒకరు బాబా, అంటే ఇంటి పెద్దాయన, నా కఫీల్, నా వీసాకు పూచీ ఉన్న యజమాని. రెండో మనిషి ఆయన కూతురు నూరా. స్కూల్లో టీచరు. వాళ్ళతో నేను మాట్లాడేది సగం హిందీ, సగం అరబ్బీ. చదివేవాళ్ళకు తిప్పలు లేకుండా ఇక్కడ అందరి మాటలూ తెలుగులోనే రాస్తున్నాను.

బాబాకు ఒక పిచ్చి కోరిక పుట్టింది. ఫోన్లో ఎవరో పంపిన వీడియో చూశాడు. సౌదీలో తబూక్ దాటాక ఉన్న కొండల మీద చలికాలంలో మంచు పడుతుంది. గల్ఫ్ జనమంతా బండ్లేసుకుని చూడటానికి పోతారు. "ఇసుకలో పుట్టాను, ఇసుకలో ముసలివాణ్నయ్యాను. ఒక్కసారి మంచు చేత్తో పట్టుకోవాలి. యల్లా మలేశ్, వీసా చేయిస్తాను, బండి తయారు చెయ్" అన్నాడు. అలా బహ్రెయిన్‌ను సౌదీతో కలిపే సముద్రం మీది బ్రిడ్జి దాటి, సౌదీని అడ్డంగా కోసుకుంటూ రెండు రోజులు నడిపాను.

రెండో రోజు సాయంత్రానికే అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టు అనిపించింది. ఎక్కువసేపు కూర్చున్నందుకు తిమ్మిరి అనుకున్నాను. మర్నాడు పొద్దున లేచేసరికి రెండు కాళ్ళూ మొద్దుబారి ఉన్నాయి. చలి అనుకున్నాను. అనుకోక ఏం చేస్తాను? పుట్టి బుద్ధెరిగాక మంచు చూడటం అదే మొదటిసారి. మంచు దగ్గరికి పోతే కాళ్ళు ఇలాగే అవుతాయి కాబోలు అని సరిపెట్టుకున్నాను.

ఇంకో సంగతి. నేను ఎప్పుడూ చెప్పులు విడిచే బండి నడుపుతాను. పెడల్ అరికాలికి తగిలితేనే నాకు బండి మాట వినపడుతుంది. ఆ రోజు మాత్రం చలి అని బాబా బలవంతంగా రెండు జతల సాక్సులు, పైన బూట్లు తొడిగించాడు. బ్రేకు తెలియకపోయేసరికి బూట్ల వల్లే అనుకుని బండి పక్కకు ఆపి, బూట్లూ సాక్సులూ పీకి సీటు వెనక పడేశాను. ఉట్టి కాలు బ్రేకు మీద పెట్టాను. అయినా ఏమీ తెలియలేదు.

కొండ రోడ్డు సగం ఎక్కాం. ఇటు బండ, అటు లోయ. మధ్యలో తారు మీద మంచు గట్టిపడి అద్దంలా ఉంది. ముందు బండ్లు, వెనక బండ్లు. తిప్పుకునే జాగా లేదు, పైదాకా పోతే తప్ప. బాబా ఇసుకలో చేసినట్టే టైర్లలో గాలి తగ్గించమన్నాడు. నడిచి పోతున్న అక్కడి మనిషి ఒకతను విని నవ్వి, "గాలి కాదు పెద్దాయనా, గేరు చూసుకో" అని చెప్పి పోయాడు.

చెప్పనా, మాననా అని కాసేపు గుంజాటన పడ్డాను. డ్రైవరు నోటితో కాలు పనిచేయడం లేదంటే ఇంకేముంది, ఖలాస్. బహ్రెయిన్ చేరగానే చేతిలో టికెట్ పెడతారు. అయినా అద్దంలో వెనక సీటు వైపు చూస్తే బాబా చిన్నపిల్లాడిలా కిటికీకి ముక్కు ఆనించి మంచు చూస్తున్నాడు. ఆ ముఖం చూశాక దాచబుద్ధి కాలేదు.

"మేడం, నా కాలికి బ్రేకు తెలుస్తలేదు" అన్నాను.

పక్క సీట్లో ఉన్న నూరా అరవలేదు, ఎందుకని అడగలేదు. నా ముఖం ఒకసారి, కాలు ఒకసారి చూసింది. "దిగు. ఇటు వచ్చి కూర్చో. నేను నడుపుతాను" అంది.

ఆమెకు లైసెన్సు వచ్చి ఎంతో కాలం కాలేదు. బహ్రెయిన్ అరచేయిలా చదునైన దేశం. ఆమె అప్పటిదాకా ఎక్కిన పెద్ద ఎత్తు సనాబిస్ పోయే దారిలో ఫ్లైఓవరు. నేను పక్కన కూర్చుని, "చిన్న గేరులోనే ఉంచండి, బ్రేకు ముట్టకండి, బండిని గేరే పట్టుకుంటుంది" అని చెబుతూ పోయాను. ఆమె చెప్పింది చెప్పినట్టు చేసింది. ఒక మలుపులో వెనక చక్రాలు పక్కకు జారాయి. ఆమె యాక్సిలరేటరు మీద కాలు తీసి, బండి ఎటు జారుతోందో అటే స్టీరింగు కొద్దిగా తిప్పి, బండి దారిలో పడేదాకా ఊపిరి కూడా తీసుకోలేదు. తర్వాత నెమ్మదిగా "బిస్మిల్లా" అనుకుంది. చాలామందికి పక్కన కూర్చుని డ్రైవింగు నేర్పించాను. అంత నిబ్బరం ఎవరిలోనూ చూడలేదు.

పైకి చేరాం. బాబా దిగి రెండు చేతులా మంచు తీసుకుని, గడ్డానికి పూసుకుని నవ్వాడు. నేనూ దిగాను. దిగీ దిగగానే మోకాళ్ళు మడతపడి మంచులో కూలబడ్డాను. జారాననుకుని చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నూరా ఒక్కతే నవ్వలేదు.

కిందికి కూడా ఆమే నడిపింది. కొండ కింద డేరాలు వేసుకుని టీలు అమ్ముతున్నారు. ఒక డేరాలో పెద్ద కుంపటి నిండా నిప్పులున్నాయి. కాళ్ళు వెచ్చబడితే అదే సర్దుకుంటుందని మళ్ళీ సాక్సులు తొడుక్కుని కుంపటి పక్కన కాళ్ళు చాపి కూర్చున్నాను. హాయిగా టీ తాగుతున్నాను.

"మలేశ్, ఏదో కాలుతున్న వాసన" అంది నూరా.

కాలుతున్నది నా సాక్సు. లాగి చూస్తే మడమ మీద పెద్ద బొబ్బ. నాకు చురుక్కుమని కూడా అనలేదు. బాబా మంచినీళ్ళు పోస్తూ "చలికి మొద్దుబారింది పాపం" అన్నాడు. నూరా తల అడ్డంగా ఊపింది. "చలికి మొద్దుబారిన కాలు నిప్పు దగ్గర పెడితే నొప్పితో మొత్తుకోవాలి బాబా. ఇతను టీ తాగుతున్నాడు. ఇది చలి కాదు."

దగ్గర్లో ఒక చిన్న క్లినిక్‌లో బొబ్బకు కట్టు కట్టారు. అక్కడి డాక్టరు చలి వల్లే అని చెప్పి, బీ ట్వెల్వ్ టాబ్లెట్లు రాశాడు. నూరా పెద్దాసుపత్రికి పోదామంది. నేనే మొండికేశాను. వైద్యానికి చూపే నా కార్డు, నా మనుషులు, నా భాష తెలిసిన మొహాలు అన్నీ బహ్రెయిన్‌లో ఉన్నాయి. పరాయి దేశంలో పడిపోతే ఎట్లా అన్నది నా బెంగ. ఇంకా మూడు నాలుగు రోజులు తిరగాలనుకున్న ప్రయాణాన్ని ఆమె అక్కడికక్కడే తెంపేసింది. వచ్చిన దారంతా తనే నడిపింది. ఓనరమ్మ స్టీరింగు దగ్గర, ఓనరు ఆమె పక్కన, డ్రైవరేమో వెనక సీట్లో దిండేసుకుని పడుకుని. దారిలో బాబా ఖర్జూరాలు వెనక్కి అందిస్తూ, "కఫీల్ సాబ్, తింటారా?" అని నన్ను ఆటపట్టించాడు.

బ్రిడ్జి మీదికి వచ్చేసరికి తొడల దాకా బలం లేదు. ఆస్పత్రి ముందు వీల్‌చెయిర్ తెచ్చి నన్ను ఎత్తి కూర్చోబెట్టారు.

ఎమర్జెన్సీలో డాక్టరు చిన్న సుత్తితో మోకాళ్ళ మీద కొట్టాడు. కాలు ఎగరలేదు. మళ్ళీ కొట్టాడు. ఆయన ముఖంలో నవ్వు పోయింది. న్యూరాలజిస్టును పిలిచారు. ఆమె బహ్రెయినీ డాక్టరు, అరబ్బీలో అడుగుతుంటే నూరా నాకు హిందీలో చెబుతోంది.

"ఈ మధ్య జ్వరం గానీ, లూజ్ మోషన్స్ గానీ అయ్యాయా?"

అయ్యాయి. ప్రయాణానికి కొద్దిరోజుల ముందు కడుపు చెడి ప్రాణం కళ్ళలోకి వచ్చింది. కానీ పనిచేసే ఇంటి ఆడమనిషి ఎదురుగా నిలబడి అడుగుతుంటే ఆ మాట ఏ నోటితో చెప్పేది? "లేదు" అన్నాను. డాక్టరు మళ్ళీ అడిగింది. మళ్ళీ లేదన్నాను.

అప్పుడే ఖాజా భాయ్ ఉరుక్కుంటూ వచ్చాడు. ఖాజా భాయ్‌ది మెట్‌పల్లి, ఇక్కడ హూరాలో టైలరు. శుక్రవారం వస్తే నా మకాం ఆయన రూములోనే. నా సంగతి విన్నాడు. "అరే మల్లేశూ, లేదంటవేందిరా? మా రూముల తిని పోయినంక రెండ్రోజులు బాత్‌రూముల్నే ఉన్నవు గదా! నాకు ఫోన్ల నువ్వే చెప్తివి" అని వార్డంతా వినిపించేలా అన్నాడు. అదే మాట అరబ్బీలో డాక్టరుకూ చెప్పాడు. నేను సిగ్గుతో దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. నూరా నవ్వు ఆపుకుంటూ బయటికి పోయింది.

డాక్టరు మాత్రం నవ్వలేదు. "నాకు కావలసింది అదే" అంది. వెన్నులోంచి నీరు తీశారు, లంబార్ పంక్చర్. కాళ్ళకూ చేతులకూ కరెంటు పెట్టి నెర్వ్ కండక్షన్ టెస్టు చేశారు. జీబీఎస్ అన్నారు, గిలియన్ బారే సిండ్రోమ్. డాక్టరు అర్థమయ్యేలా చెప్పింది. "కడుపులో చేరిన క్రిమితో పోరాడాల్సిన నీ ఒళ్ళు దారి తప్పి నీ నరాల మీదే పడింది. కింది నుంచి పైకి ఎక్కుతుంది. మా భయం నీ కాళ్ళ గురించి కాదు, ఊపిరి గురించి. ఇంత దూరం బండిలో రావడం పెద్ద తప్పు. నీ అదృష్టం బాగుంది." నరంలోకి ఎక్కించే ఐవీఐజీ మందు సీసాలు మొదలుపెట్టి ఐసీయూలో వేశారు.

చేతులు పోయాయి. ముఖం ఒకపక్క జారింది. రోజుకు ఇన్నిసార్లని ఊపిరి బలం చూసేవాళ్ళు, గొట్టంలో ఊదించి. ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలనో కూడా చూసేవాళ్ళు. అంకెలు చెప్పడానికి నాకు విసుగొచ్చింది. ఖాజా భాయ్ నర్సును బతిమాలి కొత్త పద్ధతి పెట్టాడు. కరీంనగర్‌లో బస్సెక్కి ఒక్క ఊపిరిలో మెట్‌పల్లి దాకా ఊళ్ళ పేర్లు చెప్పాలి.

"కరీంనగర్, గంగాధర, పూడూరు, మల్యాల, జగిత్యాల, కోరుట్ల..."

మొదట్లో మెట్‌పల్లి దాటేవాణ్ని. ఒకరోజు జగిత్యాలలో ఆగాను. మర్నాడు పొద్దున మల్యాల. మధ్యాహ్నం గంగాధర దగ్గర ఊపిరి అయిపోయింది. ఖాజా భాయ్ నవ్వు ముఖంతోనే బయటికి పోయి డాక్టరును పిలుచుకొచ్చాడు. "ఈయన బస్సు గంగాధర్ల ఆగింది మేడం, జల్ది చూడండి" అన్నాడట. గొట్టంలో ఊదిస్తే నిజంగానే ఊపిరి పడిపోయింది. ఆ పూటే ట్యూబు వేసి వెంటిలేటర్ మీద పెట్టారు. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదని తర్వాత చెప్పారు. కుట్టుమిషను ముందు కూర్చునే మనిషికి అంత కనిపెట్టే గుణం ఎక్కడిదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

వెంటిలేటర్ రోజుల గురించి ఎక్కువ రాయలేను. మాట రాదు, వేలు కదలదు, అన్నీ వినపడతాయి. మధ్యలో న్యుమోనియా వచ్చి కాస్త తేరుకున్నదంతా మళ్ళీ వెనక్కి పోయింది. నా భార్య సుజాత ఊళ్ళో బీడీలు చేస్తుంది. ఖాజా భాయ్ ఫోను నా చెవి దగ్గర పెట్టేవాడు. ఆమె ఏడుస్తుందేమోనని నాకు భయం. ఆమె ఏడవలేదు. "ఏమయ్యా, మాట్లాడకున్నా సరే, నేను మాట్లాడుత. ఇయ్యాల ఆకు మంచిగ రాలే, సగం చింపి పారేసుడే అయింది. బిడ్డ లెక్కల పరీచ్చ మంచిగ రాసిందట. నువ్వు పండుకో, రేపు మళ్ల చేస్త" అనేది. రోజూ అవే ముచ్చట్లు. ఆ ముచ్చట్లు విని నేనింకా మా ఇంటి మనిషినే అని ధైర్యం వచ్చేది. ఆ తర్వాత ఆమె ఫోను పెట్టేసి ఎంత ఏడ్చిందో ఊరికి పోయాక మా బిడ్డ చెప్పింది.

ట్యూబు తీశారు. మెల్లగా చేతులు వచ్చాయి. కాళ్ళే రాలేదు. కూర్చోబెడితే కూర్చుంటాను, నిలబెడితే పడిపోతాను. నా పక్క మంచాల దగ్గరికి వచ్చేవాళ్ళు నేను విననట్టే మాట్లాడుకునేవాళ్ళు. డ్రైవరట, కాళ్ళు పోయాయట, ఇంకేముంది, ఇంటికి పంపించేస్తారు. నాకూ అదే నమ్మకం. కాళ్ళు లేని డ్రైవరును పెట్టుకుని ఎవరేం చేసుకుంటారు?

ఒకరోజు బాబా వచ్చాడు. ధైర్యం చేసి అడిగాను, కొత్త డ్రైవర్ని చూసుకున్నారా అని. బాబాకు కోపం వచ్చింది. "నా బండికి డ్రైవరున్నాడు. ఒంట్లో బాగాలేక సెలవులో ఉన్నాడు. అతను వచ్చేదాకా నా కూతురు నడుపుతుంది" అన్నాడు. చేపల మార్కెట్టు, స్నేహితులు కూడే మజ్లిస్, డాక్టరు, అన్నిటికీ ఆయన్ని స్కూలు నుంచి వచ్చి నూరాయే తిప్పుతోందని అప్పుడు తెలిసింది. నాకు ఏడుపు ఆగలేదు. బాబా టిష్యూ డబ్బా నా ముందు పెట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఫిజియోథెరపిస్టు కేరళ అమ్మాయి. నవ్వుతూనే ప్రాణం తీసేది. నేను తొందరపడి, పట్టుకుని నడిచే కడ్డీలు వదిలేసి రెండుసార్లు పడ్డాను. "అన్నా, నరానికి మీ కఫీల్ లేడు. దానికి డ్యూటీ టైము ఎవరూ చెప్పలేరు. మీరు రోజూ పని చెయ్యండి, వచ్చినప్పుడు వస్తుంది" అంది. బొటనవేలు మొదటిసారి కదిలిన రోజు నాకంటే ముందు చూసి గట్టిగా చప్పట్లు కొట్టింది. అడుగులు వచ్చాయి. వాకర్, తర్వాత కర్ర. ఊరికి పోయి కొన్ని నెలలు ఉండి వచ్చాను. తిరిగి వచ్చేసరికి కర్ర కూడా లేదు.

డాక్టరు బండి నడపడానికి ఫిట్ అని రాసిచ్చింది. అయితే నూరాకు అది చాలలేదు. గలాలీలో ఇంటి వెనక ఖాళీ జాగాలో బండి పెట్టి, ఇంజను ఆపి, నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టింది. తను పక్క తలుపు తీసి కింద నిలబడి నా పాదాల వైపు చూస్తోంది.

"కళ్ళు మూసుకో. కాలు ఎక్కడైనా పెట్టు. ఎక్కడుందో చెప్పు."

"బ్రేకు" అన్నాను.

"కాదు. యాక్సిలరేటరు."

ఆ రోజుకు తాళం చెవి తన జేబులో వేసుకుని లోపలికి పోయింది. జాలి పడలేదు. వారానికోసారి అదే పరీక్ష. నేను తప్పు చెప్పిన ప్రతిసారీ తాళం ఆమె జేబులోకే పోయింది. నాకు కోపం వచ్చింది, నిజం. డాక్టరు ఒప్పుకుంటే ఈమెకేమిటి అనుకున్నాను. తర్వాత తర్వాత అర్థమైంది. నా మీద నమ్మకం లేక కాదు, నా చేతిలో ఎవరి ప్రాణమూ పోకూడదని, అందులో ముందు నా ప్రాణమని. ఒకరోజు "బ్రేకు" అన్నాను. మళ్ళీ అడిగింది. "యాక్సిలరేటరు." మళ్ళీ. "రెంటి మధ్యలో, కింద మ్యాటు మీద." ఆమె తాళం చెవి నా ఒళ్ళో పడేసి, "స్కూలుకు ఆలస్యమవుతోంది. పద" అంది.

ఇప్పుడు నడుపుతున్నాను. కుడి బొటనవేలు కొన ఇంకా మొద్దుగానే ఉంటుంది. మెట్లు గబగబా ఎక్కలేను. అలసిపోయిన రోజు పాదాలు మంటపుడతాయి. దూరప్రయాణమైతే సగం దారి నూరా నడుపుతుంది, కొండలొస్తే మొత్తం ఆమెదే. నాకేం నామోషీ లేదు. ఆమె నాకంటే బాగా నడుపుతుంది.

మొన్న ఒక శుక్రవారం మధ్యాహ్నం ఖాజా భాయ్‌తో కలిసి తెలిసినవాళ్ళ లేబర్ క్యాంపుకు భోజనానికి పోయాను. నిర్మల్ వైపు నుంచి వచ్చిన గంగారాం అనే మేస్త్రీ మంచం మీద కూర్చున్నాడు. రూము వాళ్ళు ఉప్పు మూట వేడి చేసి అతని పాదాలకు కాపడం పెడుతున్నారు. "ఏంలేదన్నా, నిన్నటిసంది కాళ్లు నాయి గానట్టున్నయి. ఓవర్‌టైం ఎక్కువైంది" అన్నాడు. కాపడం ఆపించాను. గుమ్మం దగ్గర ఒక మెట్టు ఉంది. చెయ్యి ఆనించకుండా ఆ మెట్టు ఎక్కమన్నాను. "గిదేం పరీచ్చన్నా" అని నవ్వుతూ లేచాడు. కాలు లేపాడు. మెట్టు దాకా లేవలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. నవ్వు ఆగిపోయింది. నా ముఖం చూశాడు.

అతన్ని మోసుకొచ్చి బాబా బండిలో వేశాం. దారిలోనే అడిగాను, కడుపు చెడిందా, జ్వరం వచ్చిందా అని. అందరి ముందూ చెప్పించాను. ఆస్పత్రి దాకా నేనే నడిపాను, చెప్పులు విడిచి. గంగారాంకు వెంటిలేటర్ దాకా రాలేదు. త్వరగా వచ్చినందుకే అన్నారు. ఇప్పుడు వార్డులో కడ్డీలు పట్టుకుని నడుస్తున్నాడు, అదే కేరళ అమ్మాయి ముందు.

ఇది చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మీ రూములో, మీ ఇంట్లో ఎవరికైనా రెండు కాళ్ళూ ఒకేసారి తిమ్మిరెక్కి, ఆ తిమ్మిరి పైకి పాకుతుంటే రుద్దకండి, కాచకండి, రేపు చూద్దామనకండి. ఒక్క మెట్టు ఎక్కమనండి. ఎక్కలేకపోతే అతని చెప్పుల కోసం కూడా వెతకకండి, ఎత్తుకుని బండిలో వేయండి.